పదిహేడేండ్ల పిల్లగాడు, తండ్రి సంతకం

జూన్ చివర్లో, పత్తి గింజలు పెట్టి మొగులు దిక్కు చూస్తున్న రోజుల్లో, మా వాడకట్టు రైతు ఒకాయన పొద్దుగూకే యాళ్లకు మా ఇంటికొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాయితాలు. "అన్నా, జర ఇవి సదివి చెప్పు. మా పోరడు ఫౌజుల పోతనంటుండు. నేను సంతకం పెట్టాల్నట" అన్నాడు.

చదివాను. ఆధార్, పదో తరగతి మెమో, కులం సర్టిఫికెట్, నివాసం సర్టిఫికెట్. ప్రవర్తన బాగుందని, పెండ్లి కాలేదని ఊరి సర్పంచ్ రాసియ్యాల్సిన కాయితాలు రెండు ఖాళీగా ఉన్నాయి. అప్పటికి మన ఊర్లకు సర్పంచులు లేక ఏడాదిన్నర అయింది కాబట్టి వాటి కోసం స్పెషల్ ఆఫీసర్ చుట్టూ తిరగాల్సి వచ్చేది. అన్నిటికన్నా అడుగున ఉన్నది తండ్రి ఒప్పుకోలు పత్రం. పద్దెనిమిది నిండని పిల్లగాడు అగ్నివీర్‌లో చేరాలంటే తండ్రో తల్లో సంతకం చేయాలి. ఈ పిల్లగానికి పద్దెనిమిది నిండేది వచ్చే జనవరిలో. రాతపరీక్షకు ఇంకా వారం ఉంది, అయినా కోచింగ్ సెంటరోళ్లు కాయితాలన్నీ ముందే తయారు చేసుకోమన్నారట.

ఆ పిల్లగాడు నాకు తెలుసు. ఇంటర్ మొదటి ఏడు అయిపోయి రెండో ఏడులోకి వచ్చాడు. పొద్దుగాల నాలుగున్నరకు నేను బోరు కాడికి పోయేటప్పుడు మోత్కూరు నుంచి ఆత్మకూరు పోయే రోడ్డు మీద ఏడెనిమిది మంది ఉరుకుతుంటారు, అందులో ఒకడు. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో ఉరికితే పూర్తి మార్కులు. చెట్టు కొమ్మకు వేలాడి పుల్లప్స్ తీస్తారు. ఒకరికి సరైన బూట్లు కూడా లేవు. వాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది, కాదనను. సెల్‌ఫోన్ పట్టుకుని అరుగు మీద కూర్చునే వయసులో చెమట తీస్తున్నారు. కానీ ఈ పిల్లగాడు ఇంటర్ మొదటి ఏడులో రెండు సబ్జెక్టులు తప్పాడు. ఎందుకంటే అగ్నివీర్ దరఖాస్తులు పడేది సరిగ్గా ఇంటర్ పరీక్షల కాలంలో. 2023లో, 2024లో, 2025లో కూడా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలోనే గడువు పెట్టారు. పది పాసైతే చాలన్నప్పుడు ఇంటర్ పుస్తకం ఎవడు తెరుస్తాడు?

నేను కూడా ఒకప్పుడు ఉరికినవాడినే. 1987లో, పది పాసై ఇంట్లో ఉన్నప్పుడు, రైలెక్కి సికింద్రాబాద్ పోయి భర్తీ లైన్లో నిలబడ్డాను. ఆ ఏడు దేశమంతా కరువు. మా బాయిలో చెంబు ముంచేందుకు నీళ్లు లేవు. దేశభక్తి మీద ప్రేమతో పోయానని ఇప్పుడు చెప్తే అబద్ధమైతది. ఎండిపోయిన బాయి పంపింది నన్ను. ఉరుకుడులో పాసయ్యాను, ఛాతీ కొలతలో ఎగిరిపోయాను. టేపు పట్టుకున్నాయన నా పక్కటెముకలు చూసి నవ్వాడు. నాతోపాటు వచ్చిన మా ఊరాయన పాసయ్యాడు. ట్రైనింగ్ అయినంక శ్రీలంకకు పంపారు. అక్కడ వెయ్యి మందికి పైగా మన జవాన్లు చచ్చిపోయిన కాలం అది. ఆయన బతికొచ్చాడు, పదిహేడేండ్లు చేసి పింఛనుతో ఇంటికొచ్చాడు.

ఇయ్యాల ఊర్లో ఆయనను అందరూ ఫౌజీ అనే పిలుస్తారు. ఆయనకు నాలుగెకరాలు, నాకు నాలుగెకరాలు. రెండు సార్లు మా ఇద్దరి బోర్లు ఒకేసారి ఎండినాయి. నేను సావుకారి దగ్గరికి పోయాను, ఆయన బ్యాంకుకు పోయి పింఛను తీసుకున్నాడు. తేడా అంతే. కానీ ఆ తేడాతోనే ఆయన బిడ్డలు డిగ్రీలు చదివారు. పశ్చిమ గోదావరిలో మాధవరం అని ఊరుంది, మిలిటరీ మాధవరం అంటారు, మొదటి ప్రపంచ యుద్ధం కాలం నుంచి అక్కడి మనుషులు పట్టాళంలో చేరుతూనే ఉన్నారు. అసుంటి ఊరు తరాల పొడుగున నిలబడిందంటే ధైర్యం ఒక్కటే కారణం కాదు, నెలనెలా వచ్చే పింఛను కూడా.

ఈ పింఛనే 2022 జూన్ 14న ఎగిరిపోయింది. అగ్నిపథ్ అన్నారు. పదిహేడున్నర నుంచి ఇరవై ఒక్కటి వయసు, నాలుగేండ్లు నౌకరీ, ఆ తర్వాత వందలో 25 మంది దాకా ఉంచుకుంటారు, మిగిలినవాళ్లు ఇంటికి. అంతకుముందు రెండేండ్లు కరోనా పేరు మీద భర్తీలే లేవు. ఫిజికల్, మెడికల్ పాసై రాతపరీక్ష కోసం కండ్లు కాయలు కాసేలా చూస్తున్న పిల్లలకు ఆ పరీక్షే లేదన్నారు. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో ఏం జరిగిందో మీకు తెలుసు. రైలు డబ్బాలు కాలినాయి, పోలీసు కాల్పులు జరిగినాయి, వరంగల్ జిల్లా రైతు కుటుంబం పిల్లగాడు ఒకడు చచ్చిపోయాడు. రైలు తగలబెట్టుడు తప్పే. కానీ ఆ పిల్లల ఆగం ఎవరిదని ఆ రోజు అడిగినవాళ్లు తక్కువ. రెండు రోజులకే, నిరసనల్లో పాల్గొనలేదని రాసిచ్చినవాళ్లనే తీసుకుంటామని సైన్యం అధికారులు ప్రకటించారు. ఆ తర్వాత గొడవ సల్లబడింది. ఇప్పుడు అదే నాలుగేండ్ల నౌకరీకి మన పిల్లలు పొద్దుగాల లేచి ఉరుకుతున్నారు. వేరే దారి లేకపోతే ఉన్న దారినే మంచిదనుకుంటారు మనుషులు. మనం పత్తి పెట్టినట్టే.

ఆ రైతును కూర్చోబెట్టి లెక్క చెప్పాను. ఆయనకు రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. రైతు భరోసా పట్టా ఉన్న రెండెకరాలకే వస్తుంది, కౌలు భూమిది ఆసామికి పోతుంది. బిడ్డ పెండ్లికి తెచ్చిన అప్పు నూటికి రెండు రూపాయల మిత్తి మీద ఉంది. "నాలుగేండ్లకు పన్నెండు లక్షలు చేతికొస్తయంట కదన్నా" అన్నాడు. ఆయన మనసంతా ఆ పన్నెండు లక్షల మీదనే ఉంది.

వచ్చేది 11.71 లక్షలు. సేవానిధి అంటారు. దాంట్లో ఏముందో విప్పి చూస్తే ఇట్లా ఉంది. మొదటి ఏడు నెలకు 30 వేల జీతం అంటారు, చేతికిచ్చేది 21 వేలే, 9 వేలు కోత. నాలుగో ఏటికి 40 వేలు, చేతికి 28 వేలు, 12 వేలు కోత. ఇట్లా నాలుగేండ్లల్ల పిల్లగాని జీతం నుంచి కోసింది ఐదు లక్షల పైచిలుకు. సర్కారు అంతే కలుపుతుంది, దాని మీద మిత్తి కలిపితే 11.71 లక్షలు. అంటే సగం వాని పైసలే వానికి తిరిగిస్తున్నారు. దాని మీద పన్ను లేదు, అది మంచిదే. సర్కారు ఇచ్చే సగం తక్కువ పైసలని నేను అనను, మన కండ్లకు పెద్దవే. కానీ ఆ పైసలు తీసుకున్న రోజున వానికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుల ఆస్పత్రి లేదు, క్యాంటీన్ లేదు, అసలు మాజీ సైనికుడన్న పేరే లేదు. మా ఫౌజీకి ఏడాదికి 90 రోజుల సెలవు ఉండేదట, నాట్లకు వచ్చి నాట్లేసి పోయేవాడు. అగ్నివీర్‌కు 30 రోజులే.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పత్తిల నాకు నాలుగేండ్లల్ల ఐదు లక్షలు మిగులుతయా అన్నా?" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. మనం సభల్లో అగ్నిపథ్ రద్దు చేయాలని తీర్మానాలు చేస్తాం. మన ఎవుసం ఆ నాలుగేండ్ల నౌకరీ కన్నా అధ్వాన్నంగా ఉన్నంత కాలం తండ్రులు సంతకాలు పెడుతూనే ఉంటారు. పదిహేడేండ్ల పిల్లగాడు తన ఇష్టంతో పోతున్నాడని సర్కారు అంటుంది. ఇష్టం పిల్లగానిదే కావొచ్చు, తొందర మాత్రం అప్పుది.

మన నల్లగొండ జిల్లాలో పెద్దమనుషులను అడగండి, జీతగాళ్ల సంగతి చెప్తారు. తండ్రి అప్పు తీసుకుని, కాయితం మీద వేలిముద్ర పెట్టి, పన్నెండేండ్ల కొడుకును దొర దొడ్లో జీతముంచేవాడు. సంవత్సరం నిండినా అప్పు నిండేది కాదు. ఫౌజును జీతగానితో పోల్చుతున్నానని ఎవరైనా కోపానికి రావొచ్చు. పోల్చను. దేశం కావలి గౌరవమైన పని, దొర బర్లు కాసుడు వేరు. అగ్నివీర్‌కు జీతమొస్తది, అన్నం, బట్ట, బీమా అన్నీ ఉన్నాయి. నేను చూసింది కాయితం కింద తండ్రి వేలిని మాత్రమే. అప్పున్న ఇంట్లో ఆ వేలు ఎప్పుడూ ఒకే దిక్కు పోతుంది.

పద్దెనిమిది నిండనివాళ్లను యుద్ధాల్లోకి దింపొద్దని ఐక్యరాజ్యసమితిలో 2000 సంవత్సరంలో ఒక ఒప్పందం అయింది. మన దేశం 2005లో దాన్ని ఒప్పుకుంది. చేర్చుకున్నా పద్దెనిమిది నిండినంకనే యుద్ధం జరిగే చోటికి పంపుతామని రాసిచ్చింది. మనమొక్కరమే కాదు, ఇంగ్లండు పదహారేండ్లకే తీసుకుంటుంది, అమెరికా తల్లిదండ్రులు ఒప్పుకుంటే పదిహేడుకు తీసుకుంటుంది. అక్కడ కూడా ఎక్కువగా పోయేది లేనోళ్ల పిల్లలే అన్న మాట వింటూనే ఉన్నాం. కానీ ఆ దేశాల పిల్లగాడు చేరితే నాలుగేండ్లకు నలుగురిలో ముగ్గురిని ఇంటికి పంపే నియమం పెట్టుకుని చేర్చుకోరు.

2025 మే నెల సంగతి ఎవరూ మరిచి ఉండరు. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీసత్యసాయి జిల్లా, గోరంట్ల మండలం, కల్లితండా. మురళీ నాయక్ అనే లంబాడీ బిడ్డ అగ్నివీర్‌గా చేరి, మే 9న జమ్మూకశ్మీర్ సరిహద్దులో కాల్పుల్లో చనిపోయాడు. తల్లిదండ్రులు ముంబైకి వలసపోయి కూలి చేసుకుని బతికినవాళ్లు, మన పాలమూరోళ్ల లెక్కనే. తండాకు మంత్రులు వచ్చారు. ఆంధ్ర సర్కారు 50 లక్షలు, ఐదెకరాల భూమి, ఇంటి జాగ, ఇంట్లో ఒకరికి నౌకరీ ప్రకటించింది. మంచిపనే చేసింది. అగ్నివీర్ చనిపోతే కేంద్రం ఇచ్చేది బీమా 48 లక్షలు, ఎక్స్‌గ్రేషియా 44 లక్షలు, మిగిలిన కాలం జీతం. కానీ పక్కనే నిలబడి అదే తూటాకు పడిపోయిన పాత పద్ధతి సిపాయి ఇంటికి జీవితాంతం పింఛను వస్తది, అగ్నివీర్ ఇంటికి రాదు. ఐదెకరాల భూమి ముందే ఆ తండాలో ఉండి ఉంటే ఆ ఇంటోళ్లు ముంబైకి పోవాల్సి వచ్చేదా అన్నది నాకు ఎడతెగని ఆలోచన. ఆ పిల్లగాడు ఫౌజుకు పోయేవాడే కావొచ్చు, చిన్నప్పటి నుంచి ఇష్టమేమో, దాన్ని తక్కువ చేసే హక్కు నాకు లేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఇంటర్ చదువుతుండగానే సైన్యంలోకి పోయే దారి ఇంకొకటి ఉంది, అది మన ఊర్లలో ఎవరికీ తెలియదు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ. ఎన్‌డీఏ అంటారు. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య వయసు, ఇంటర్ రెండో ఏడు చదువుతున్నా రాయొచ్చు. ఆర్మీకి ఏ గ్రూపు వాళ్లైనా సరే, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌కు మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. లెక్కల పేపరు 300, జనరల్ పేపరు 600, పాసైతే 900 మార్కుల ఇంటర్వ్యూ. ఏడాదికి రెండు సార్లు పెడతారు. 2021లో సుప్రీంకోర్టు చెప్పినంక ఆడపిల్లలు కూడా రాస్తున్నారు, వాళ్ల మొదటి బ్యాచ్ 17 మంది 2025 మే నెలలో బయటికి వచ్చారు. అక్కడ పిల్లగాన్ని మూడేండ్లు చదివిస్తారు, డిగ్రీ ఇస్తారు, తర్వాత ఆఫీసర్‌ను చేస్తారు. మన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబు, 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైనాయన, కోరుకొండ సైనిక స్కూల్లో చదివి ఈ దారినే పోయాడు.

ఇద్దరూ పదిహేడేండ్లవాళ్లే. ఒకనికి దేశం డిగ్రీ చేతికిచ్చి తర్వాత తుపాకి ఇస్తుంది. ఇంకొకనికి ఆరేడు నెలల ట్రైనింగ్ ఇచ్చి, నాలుగేండ్లయినంక ఓపెన్ స్కూలు నుంచి ఇంటర్‌కు సమానమైన సర్టిఫికెట్ ఇస్తుంది. ఇరవై రెండేండ్లప్పుడు ఇంటర్ కాయితం పట్టుకుని వచ్చిన పిల్లగాడు, వానితో బడికి పోయిన వాళ్లు డిగ్రీ చేసి గ్రూప్స్ రాస్తుంటే వాళ్ల వెనుక నిలబడాలి. ఎన్‌డీఏ పరీక్ష ఇంగ్లిష్‌లో, హిందీలో మాత్రమే ఉంటుంది. అగ్నివీర్ రాతపరీక్షను 2025లో తెలుగులో కూడా పెట్టారు. సిపాయి పరీక్షకు తెలుగు వచ్చింది, ఆఫీసర్ పరీక్షకు రాలేదు. దీని మీద మన సంఘం ఎన్నడైనా ఒక్క వినతిపత్రం ఇచ్చిందా? నేను జిల్లా కమిటీలో పదేండ్ల నుంచి ఉన్నాను, నాకు కూడా తట్టలేదు. ఆ తప్పులో నాకూ వంతుంది.

భువనగిరిలో సాంఘిక సంక్షేమ గురుకులం వాళ్లు ఆడపిల్లల కోసం సైన్యంలో చేరేందుకు తయారుచేసే డిగ్రీ కాలేజీ పెట్టారు. డిగ్రీ చదువుతూ తయారవుతారు. చదువు ముందు, బందూకు తర్వాత. ఇట్లాంటివి మగపిల్లలకు, మన మండలాలకు దగ్గరలో ఎందుకు లేవని అడగడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, హైదరాబాద్ చాలు.

2022 జూన్ 24న సంయుక్త కిసాన్ మోర్చా అగ్నిపథ్ మీద దేశమంతా నిరసన పిలుపిచ్చింది. నల్లచట్టాల మీద ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా కూర్చున్నప్పుడు రిటైరైన ఫౌజీలు మెడల్స్ పెట్టుకుని మన పక్కన కూర్చున్నారు. మనం వాళ్లకు బాకీ ఉన్నాం. శాస్త్రిగారు 1965లో జై జవాన్ జై కిసాన్ అన్నప్పుడు ఆ రెండూ చాలా ఇండ్లల్ల ఒకే ఇంటి మనుషులు. కొడుకు జవాన్, తండ్రి కిసాన్. తండ్రికి మద్దతు ధరకు చట్టం లేదు, కొడుకుకు నాలుగేండ్ల తర్వాత నౌకరీకి భరోసా లేదు. కేంద్ర బలగాల్లో పది శాతం రిజర్వేషన్ ఇస్తామని 2022లో చెప్పారు. మొదటి బ్యాచ్ పిల్లల నాలుగేండ్లు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి. అప్పుడు ఎంతమందికి ఏ నౌకరీ వచ్చిందో ఊరూరా రాసుకోవాలె మనం. సర్కారు లెక్క కోసం ఎదురుచూడొద్దు. మోత్కూరు, ఆత్మకూరు, అడ్డగూడూరు, గుండాల మండలాల్లో చేరినవాళ్ల పేర్లు నేను రాయడం మొదలుపెట్టాను.

ఫౌజీని కూడా అడిగాను, మీరేమంటరని. ఆయన ఎక్కువ మాట్లాడడు. "నన్ను రెజిమెంట్ల మనిషిని చేసేటందుకే నాలుగేండ్లు పట్టింది. అప్పుడు ఇంటికి పొమ్మంటే నేనేమైతుంటినో" అన్నాడు. కాసేపాగి, "పోవద్దని మాత్రం చెప్పకు. ఇంటర్ రాసి పొమ్మను" అన్నాడు.

నేను ఆ మాటే తీసుకుపోయి చెప్పాను. అగ్నివీర్‌కు ఇంకా వయసుంది. ఇంటర్ పూర్తి చేసి, ఎన్‌డీఏ ఒకసారి రాసి, అప్పటికీ పోవాలనుకుంటే పద్దెనిమిది నిండినంక వాని సంతకం వాడే పెట్టుకుంటాడు, తండ్రి వేలు అవసరం లేదు. పిల్లగాడు తల వంచుకుని విన్నాడు. "పెద్దనాయినా, వచ్చే ఏడు ఉరికితే ఇంత స్పీడు ఉంటదో ఉండదో. ఇప్పుడు ఐదు నిమిషాల ఇరవై సెకండ్లల్ల కొడుతున్న" అన్నాడు. వాళ్లమ్మ పొయ్యి కాడి నుంచి, సావుకారి మల్ల వచ్చి పోయిండని చెప్పింది.

ఒక్కటి ఒప్పించగలిగాను. తప్పిన రెండు సబ్జెక్టులకు పుస్తకాలు మళ్లీ బయటికి తీశాడు. మా సంఘం ఆఫీసులో ఆదివారం పొద్దున రెండు గంటలు రిటైరైన లెక్కల సారు ఒకాయన చెప్తానన్నారు. ఇప్పటికి ఆరుగురు పేర్లిచ్చారు, ఒక ఆడపిల్ల కూడా. ఎన్‌డీఏకు వచ్చే దరఖాస్తులు డిసెంబర్‌లో పడతాయి. మీ ఊర్లో ఇంటర్ చదివే పిల్లలుంటే మండల కమిటీకి పేర్లు పంపండి, పరీక్ష ఫీజు వంద రూపాయలు కట్టలేని వాళ్లకు సంఘం కడుతుంది.

ఒప్పుకోలు కాయితం మాత్రం ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఖాళీలు నన్నే నింపమన్నాడు ఆయన. అన్నీ నింపాను, సంతకం జాగ తప్ప. మొన్న వాన పడినప్పుడు చెల్క కాడ కలిస్తే, పత్తి మొలక బాగుందన్నాడు. కాయితం సంగతి నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.